అరవై డిగ్రీల అబద్ధం

ల్యాబ్ కోల్డ్‌రూమ్ తలుపు దగ్గర పరిశోధక విద్యార్థిని తన గైడును ఆపింది.

“సార్, నా గ్రాఫు మార్చిందెవరు?”

“నేనేనమ్మా. చిన్న సవరణ.”

“చిన్నదా? బాక్టీరియాలోంచి తీసిన ఈ ఎంజైము ఫినాల్ విషాన్ని విరగ్గొడుతుంది, నిజమే. కానీ నలభై డిగ్రీలు దాటితే చచ్చిపోతుంది. మీరేమో అరవైలో కూడా పనిచేస్తుందని గీశారు!”

“మన ఎంజైము కొంటానన్న ఫ్యాక్టరీ వదిలే నీళ్లు అంత వేడిగా ఉంటాయి. వాళ్లకి అదే కావాలి.”

“వాళ్లకి కావాలంటే ఎంజైము మాట వింటుందా? నీళ్లు శుభ్రమయ్యాయనుకుని విషాన్ని కాలవలోకి వదిలేస్తారు. దిగువ ఊళ్లవాళ్లు ఆ నీళ్లే తాగుతారు సార్!”

“గొంతు తగ్గించు. నీ డిగ్రీ నా సంతకం మీద ఉంది.”

“బెదిరిస్తున్నారా? కణాలు పగలగొట్టి, వడకట్టి, చుక్కచుక్కా శుద్ధి చేసింది నేను. దాని గుణం నాకు తెలుసు.”

“ఇలాంటివి అందరూ చేసేవేనమ్మా.”

“అందరూ గడ్డి తింటే మనమూ తినాలా?”

“సరే, ఇప్పుడేమంటావ్?”

“అనేదేం లేదు. అసలు గ్రాఫు పొద్దున్నే ఫ్యాక్టరీ ఇంజినీరుకి పంపేశాను.”

“కొంప ముంచావ్! ఏమన్నాడు?”

“ముందు నీళ్లు చల్లార్చే తొట్టి కట్టుకుంటామన్నారు. అరవై అని వాళ్లెప్పుడూ అడగలేదట సార్. ఆ మాట మీరే అన్నారట.”