సుద్దబయలు రాతిపిల్ల

కరెప్ప చెయ్యి ఊరికే ఉండదంట. కూర్చుంటే గడ్డి పరక పీకుతాడు, నిలబడితే కట్టెతో నేల గీకుతాడు, అట్లాంటోడు. తుమ్మలదిన్నెలో గొర్రెలు కాచే కురవోళ్ల ఇంటోడు. మంద ఉండాది, ఇంట్లో నింగమ్మ అని పెండ్లాం ఉండాది. నింగమ్మకు పుట్టింట్లో ఎవురూ లేరు పాపం, ఆ యాళకు నిండు చూలాలు. ఆ ఏడు వానల్లేవు, ఊర్లో మేత లేదు. మందకు మేత లేకుంటే ఇంట్లో కూడు లేదు కదా. ఇంగేం జేస్తాడు, 'నువ్వు నీళ్లాడే యాళకు వచ్చేస్తాలే మే' అని పెండ్లానికి చెప్పి, మంద తోలుకొని కొండల మీదికి వలస పోయినాడంట. కథ ఇనుకుంటా చేతులు ఆడించండమ్మా, శెనక్కాయలు వాటంతట అవే ఊడిరావు. చెవులు ఇటు పెడితే చాలు, నోర్లు నాకొద్దు.

వాని జతకు అదే ఊరి గాదిలింగప్ప అని ఒక ముసలాయన, ఆయన మంద ఆయనది. ఆయన తొక్కని కొండ లేదు, నీళ్లు తాగని వంక లేదు. కొండలు దాటినాక ఒకచోట నిలబడి, 'ఒరే కరెప్పా, ఇంగ మనం సుద్దబయలు పక్కన పోతాము. చూడు, దండం పెట్టుకో, పో. చెయ్యి మాత్రం ఎయ్యాకు' అన్నాడంట. ఎందుకు తాతా అంటే చెప్పలా. గుట్టెక్కి అవతలికి చూసినాడు కరెప్ప. తెల్లగా ఉండాదంట. చూసినంత మేర తెల్లని సుద్దనేల, ఇల్లు అలికి ఆరబెట్టినట్ల, చెట్టు లేదు, పుట్ట లేదు, చీమ కూడా తిరగదు. ఆ నేల మీద రాళ్లు. ఊరికే పడుండే రాళ్లు కాదు, ఒక్కో రాయి యెనకాల ఒక గాడి ఉండాది. గాడంటే తెలుసు కదా, బురదలో బండి పోతే చక్రం కింద పడుతుందే, అది. ఇంటంత రాయి యెనకాల ఇంటంత గాడి, కుండంత రాయి యెనకాల కుండంత గాడి. కొన్ని నేరుగా పోయినాయి, కొన్ని వంపు తిరిగినాయి, కొన్ని జోడుగా పోయినాయి. పక్కన మనిషి అడుగు లేదు, ఎద్దు గిట్ట లేదు. 'ఎవురు ఈడ్చినారు తాతా?' అంటే 'ఎవురూ ఈడ్చలేదురా. వాటి పాటికి అవే పోతాయి. పోయేటప్పుడు చూసినోడు లేడు, మా తాతా చూడలా, నేనూ చూడలా. పోయినేడు ఆ ముసలి నల్లబండ అదో ఆ మూలన ఉండె, ఇప్పుడు చూడు యాడికొచ్చిందో' అన్నాడంట. అంత మందలో ఒక్క గొర్రె అరవలేదు అనుకో. కరెప్ప చెప్పులు ఇడిసి చేత పట్టుకున్నాడు. కండ్లల్లో నీళ్లు తిరిగినాయంట వానికి, ఎందుకో వానికే తెలీదు. గుడిలో దేవుని ముందర నిలబడినా వానికి ఎప్పుడూ అట్లా కాలేదు.

అంతా బాగుండె, ఈడనే పుట్టింది తంటా. ఏమైందంటే, దోవ పొడుగునా గొర్రెలు ఈనుతాండాయి. మన గొర్రెలోళ్ల పద్ధతి ఏంది? పిల్ల పుట్టి నిలబడిందంటే ఎర్ర జాజుమట్టి తడిపి దాని నడుము మీద ఇంటి గుర్తు పెట్టాల. కరెప్ప ఇంటి గుర్తు మూడు వేళ్ల గీత. గుర్తు పడిందంటే ఆ పిల్ల ఆ మందది, ఇంగెవురూ అడిగేదానికి లేదు. బయలు అంచున మంద పోతాంటే, యెనకబడిన పిల్లలకు ఒకదాని తర్వాత ఒకటి జాజు పెడతా వస్తాండాడు. సుద్ద దుమ్ము లేచింది. గొర్రెలూ తెలుపే, మనుషులూ తెలుపే, కండ్లు మండుతాండాయి. మంద తోకలో ఒకటి కదలకుండా నిలబడింది. 'ఏమే, నీకు ఏరేగా చెప్పాల్నా' అని మూడు వేళ్లూ దాని నడుము మీద లాగినాడు. సల్లగా తగిలింది. చూస్తే రాయి! గొర్రెపిల్లంత రాయి, దానెనక గొర్రెపిల్లంత గాడి. గబుక్కున తుడిచేయాల కదా? తుడవలా. నవ్వుకున్నాడంట దొంగనాయాలు. 'సరేలే, గుర్తు పడిపాయ, నువ్వూ మా మందలోదానివే' అన్నాడు. మనసులో అనుకోలేదు, నోటితో అన్నాడు. ముసలాయన ముందర పోతాండాడు, ఇదేం చూడలేదు.

మర్నాడు పొద్దున లేచి చూస్తే మంద యెనకాల ఆ రాయి. బయలు దాటి ఒక ఆమడ వచ్చినాడప్పటికి, ఈడికెట్లొచ్చింది? నడుము మీద మూడు వేళ్ల ఎర్ర గీత, తనదే. ఆ మర్నాడు ఇంకో చోట మంద నిలిపితే ఆడ కూడా ఉండాది. పిల్లగొర్రెలు దాన్ని ఒరుసుకొని పండుకుంటాండాయంట. కరెప్పకు ముందు భయమేసింది, తర్వాత ఏమో గర్వం వచ్చింది. ఎందుకంటే, ఆ రాయి వచ్చినకాడి నుంచి తోడేలు మంద చుట్టుపక్కలకు రాలేదు. గాదిలింగప్ప బయలు దాటిన సాయంత్రమే తన మందతో ఇంకో దోవ పట్టి పోయినాడు, చెప్పేవోడు లేడు. కరెప్ప ఇంటికొచ్చే యాళకు నింగమ్మ ఆడపిల్లను కనింది. పొద్దున లేస్తే వాకిట్లో రాయి, గడప తట్టు మొగం పెట్టి. ఊరంతా వచ్చి చూసినారు. పసుపు పూసినారు, టెంకాయ కొట్టినారు, 'కరెప్పా, నీ ఇంటికి దేవుడే నడిచొచ్చినాడు' అన్నారు. వాడు మీసం మీద చెయ్యేసుకొని తిరిగినాడంట.

అట్లుండగా కబురు వచ్చింది. కొండల కాడి పల్లెలోడు ఒకడు పరిగెత్తుకుంటా వచ్చి, 'ఒక బండ వస్తాంది, రెండిండ్లంత ఉండాది, మా మిరపతోటలో పడి నేరుగా పోయింది, అడ్డమొచ్చిన గోడ పిండి అయిపాయ' అన్నాడంట. ఎవురూ నమ్మలేదు. మర్నాడు ఇంకో ఊరోడు వచ్చినాడు. ఆ మర్నాడు ఇంకా దగ్గర ఊరోడు. వాళ్లు చెప్పిన ఊర్లన్నీ వరసగా చూసుకుంటే కరెప్ప మంద తోలుకొచ్చిన దోవే అది, ఒక్క వంపు కూడా తప్పలేదు. అప్పుడు వచ్చినాడు గాదిలింగప్ప, వలస నుంచి, రొప్పుకుంటా. వాకిట్లో రాయి చూసినాడు, నడుము మీద జాజు చూసినాడు, కట్టె కింద పడేసి తల పట్టుకున్నాడు. 'ఒరే పాపిష్టోడా, గొర్రెలోడివి గదరా నువ్వు! పిల్లను తోలుకొస్తే తల్లి ఊరికే ఉంటాదా? ఆ వచ్చేది దీని తల్లిరా' అన్నాడంట. ఊరి రెడ్డి ఎద్దుల్ని కట్టించినాడు, మోకులేసి లాగించినాడు, ఈడ్చి ఊరవతల పారేద్దామని. మోకులు తెగినాయి, ఎద్దులు మోకాళ్ల మీద పడినాయి, రాయి గింజంత కదలలేదు. అది మనం లాగితే వచ్చేది కాదమ్మా, దానికి మంద ఉంటే చాలు, అదే వస్తాది.

ఇంగ ఊరు ఖాళీ చేసేది మొదలుపెట్టినారు. మంచాలు, చాటలు, కోళ్లు, అన్నీ నెత్తికెత్తుకొని పోతాండారు. గాదిలింగప్ప నేను రానురా అంటే కొడుకులు మంచంతో సహా ఎత్తుకొని పోయినారంట. నింగమ్మేమో బాలింత, దానికి తోడు జరం, ఒళ్లు కాలుతాంది, లేచి కూర్చునే ఓపిక కూడా లేదు. కరెప్ప ఇంటింటికీ తిరిగినాడు. 'అప్పా, మంచం నాలుగు పక్కలా పట్టుకునేదానికి నాతోపాటు ఇంకో ముగ్గురు రాండప్పా' అని చేతులు పట్టుకున్నాడు. 'బాలింతను కదిలిస్తే వాతం కమ్ముతాదిలేప్పా' అని ఒకడు, 'నువ్వు చేసుకున్న పని కదప్పా' అని ఒకడు, తలకాయలు దించుకొని పోయినారు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి వీధిలో కుక్క లేదు. ఆ ఊర్లో మిగిలింది ఎవురంటే కరెప్ప, నింగమ్మ, పదినాళ్ల పసిబిడ్డ, వాకిట్లో ఆ రాతిపిల్ల.

అప్పుడు వాడు ఒక పని చేసినాడు. పిల్లను తల్లి కాడికి నేనే తోలుకపోతా అనుకొని, మంద తోలుకొని పొద్దు వాలే యాళకు ఊరి పక్కన ఉండే వంక తట్టుకు పోయినాడు. పోయి చూస్తే వంక అవతల ఉండాది అది. అబ్బా, ఏం చెప్పేది! నల్లగా, ఎత్తుగా, ఎండలో దాని నీడ వంకంతా కప్పేసిందంట. దాని యెనకాల కండ్లు పట్టినంత దూరం గాడి, కొండల దాకా, తెల్లగా. ఇంత దూరం వచ్చినా దాని అడుగున సుద్ద పోలేదు, దోవంతా రాలుస్తానే వచ్చింది. కరెప్ప దండం పెట్టి, మందను ఆడనే నిలిపి, 'తల్లీ, నీ బిడ్డ వస్తాది, తీసుకో, నన్ను కాచుకో' అని పెండ్లాం కాడికి వచ్చినాడు. తెల్లారి ఉరుక్కుంటా పోతే, రాతిపిల్ల మంద కాడికే వచ్చి నిలబడుండాది. తల్లి మాత్రం దాన్ని దాటుకొని వంక ఇవతలికి, ఊరి మొదటింటి గోడ కాడికి వచ్చేసింది. బిడ్డ పక్కనే పోయింది, బిడ్డను చూసుకోలేదు.

వాడు ఇంటికొచ్చి, పెండ్లాం మంచం కాడ కూలబడి ఏడ్చినాడంట. 'మే నింగీ, బిడ్డను ఎదురుగా పెట్టినా, గుర్తు పట్టలేదే' అన్నాడు. నింగమ్మ బిడ్డకు పాలిస్తాంది. ఆ జరంలోనే ఆమె ఏమందంటే, 'ఎట్లా పడతాదయ్యా? దానికి నీ జాజు పూసినావు, ఊరోళ్లు పసుపు పూసినారు, మన గొర్రెలు ఒరిసినాయి. నా బిడ్డకు ఎవురన్నా అట్లా చేసి పక్కన పెడితే నేనూ గుర్తు పట్టను. ఇల్లిల్లూ కూలదోసి ఎతుక్కుంటా' అనింది. బిడ్డను రెండో పక్కకు మార్చుకొని, 'తల్లిగొర్రె పిల్లను పాలకు రానియ్యకుంటే నువ్వేం చేస్తావు?' అని అడిగింది. కరెప్ప ముక్కు తుడుచుకొని, 'తల్లి ఒంటిది తీసి పిల్లకు పూస్తా, ఆ వాసన పట్టి రానిస్తాది' అన్నాడు. అన్నాడు, అనేసరికి వానికే తెలిసిపాయ. కంబళి భుజానేసుకొని ఒకటే పరుగు.

ఆ గాడిలో తల్లి ఒంటి మీది నుంచి రాలిన సుద్ద ఉండాది కదా, దాన్ని దోసిళ్లతో కంబళిలోకి ఎత్తుకున్నాడు. తీసుకొచ్చి రాతిపిల్లకు రుద్దినాడు, జాజు మీద, పసుపు మీద, ఒళ్లంతా. అరచేతులు చీలి నెత్తురొచ్చినా ఆపలేదు. తెల్లగా అయ్యిందంట, బయల్లో చూసిన నాటి మాదిరి. ఇంగ ఒక్క పని మిగిలింది. తల్లిగొర్రె పిల్లను వాసన చూసేటప్పుడు కాపరి చూడకూడదు, తల తిప్పుకోవాల. చూస్తాంటే అది బెదిరి రానియ్యదు, మీకు తెలిసిందే. కరెప్ప ఆ తల్లికీ ఊరి మొదటింటి గోడకూ నడుమ కూర్చొని, ఆ కొండంత తల్లికి వీపు పెట్టి, కంబళి తల మీద కప్పుకున్నాడు. యెనకాల రెండిండ్లంత బండ, ముందర పెండ్లాం బిడ్డ ఉండే ఇల్లు. అది వస్తే ముందు తన మీదనే రావాల. పారిపోయేదానికి దోవ ఉండాది, పోలా. కాసేపటికి కింద నేల అదిరింది. గోడ మీది మట్టి రాలింది. గొర్రెలన్నీ ఒక్కసారే మోకాళ్ల మీద కూర్చున్నాయంట. వీపు మీద సల్లని గాలి తగిలింది, ఎవురో పెద్దామె తన మీదికి వంగి చూసినట్ల. వాడు కండ్లు మూసుకొని 'నింగీ, నింగీ' అనుకుంటాండాడు. అట్లా ఎంత సేపో. అదురు నిలిచిపాయ. మెల్లగా కంబళి తీసి చూస్తే, తల్లి మొగం కొండల తట్టు తిరిగి ఉండాది. దాని పక్కన, గడ్డి పరక కూడా దూరనంత దగ్గరగా, రాతిపిల్ల. కరెప్ప ఆ నేల మీదే బోర్లా పడి దండం పెట్టినాడు.

తల్లీబిడ్డా పొద్దుపొద్దుకూ కొంచెం కొంచెం యెనక్కి పోతాంటే, కరెప్ప దూరంగా ఉండి సాగనంపేదానికి పోయినాడంట. నింగమ్మకు జరం తగ్గినాకనే లే. కొండ ఎక్కి బయలు తట్టు చూసినాడు. బయలు ఖాళీ. ఒక్క రాయి లేదు. ఏమైనాయప్పా అంటే, అన్నీ కొండ కిందనే ఉండాయి. ఇంటంతవి, కుండంతవి, ముసలి నల్లబండ, అన్నీ. ఒక్కోదాని యెనక గాడి బయల్లో నుంచి వచ్చింది, అన్నిటి మొగమూ తుమ్మలదిన్నె తట్టే. ఆ తల్లి ముందర పోయింది, మిగిలినవి చేతనైనంత బిరబిరా ఆమె యెనకాల బయల్దేరినాయి, ఒక్క పిల్ల కోసం. తల్లీబిడ్డా వాటి నడుమకు చేరిన మర్నాడు, అన్నీ బయలు తట్టుకు తిరిగి ఉండాయంట.

వాడు ఇంటికొచ్చి నింగమ్మకు చెప్పినాడు. అప్పటికి ఊరోళ్లు మంచాలెత్తుకొని తిరిగొస్తాండారు, 'ఏం కరెప్పా, పోయిందా, బాగుండారా' అని పలకరిస్తాండారు, ఏమీ కానట్ల. నింగమ్మ బిడ్డను ఒళ్లో పెట్టుకొని, 'అన్నీ వచ్చినాయా?' అని అడిగింది. 'అన్నీ' అన్నాడు. 'ముసలిది కూడానా?' 'ముసలిది కూడా.' ఆమె వీధిలో మంచాలు మోసుకొస్తాండేవోళ్ల తట్టు చూసిందంట.

అదమ్మా సంగతి. మనమేమో ఎవురినన్నా తిట్టాలంటే 'నువ్వు మనిషివి కాదు, రాయివి' అంటాము. ఈ కథ నాకు చెప్పిన మా అవ్వ అయితే ఆ తిట్టు తిట్టేదే కాదు. 'అంత మాట అనించుకునేంత మంచోళ్లు మన ఊర్లో యాడుండారే' అనేది.