గోడకి పడ్డ కిటికీ

ఏటి బాబూ! ఈ కన్నం మూసీడానికి పర్మిషను తెచ్చినారా? బాగుంది! కిటికీ కావాలని మా ఆయన చెప్పులరిగేలా తిరిగితే రాని పర్మిషను, మూసీడానికి ఇంత బేగి వచ్చీసిందా?

కూకోండి, ఈ పీట మీద కూకోండి. కొబ్బరినీళ్ళు తాగండి. మీరు ఆఫీసుకి కొత్త కదా, మా ఇసయం మీకు తెల్దు. సెప్తాను ఇనండి.

మా అత్త రాజులమ్మ. టెక్కలి సంతలో ఆవిడ బేరానికి దిగితే అమ్మీవోళ్ళు తట్టలు సర్దీసుకునీవోరు. అలాటి మడిసికి అరవయ్యేడు ఎలచ్చన్లయిన ఏడు కాళ్ళు పడిపోనాయి. ఈదివేపు గదిలో మంచం ఏసినాం. కిటికీ లేని గది. పగలు కూడా బుడ్డిదీపమే. "వాన సప్పుడు ఇనబడతంది గానీ వాన కనబడదే కోడలా" అనీది. ఆనక అదీ అనడం మానీసింది. కూడు ముట్టడం మానీసింది. గోడకేసి తిరిగి పడుకునీది.

మా ఆయన కూర్మారావు, ఆ గోడకి సిన్న కిటికీ పెడదామన్నాడు. మరి మాది దివాణం కాలంనాటి ఈదట కదా! పర్మిషను లేకండా గోడ ముట్టుకోకూడదని మీవోళ్ళే బోర్డు పెట్టినారు. ప్లాను గీయించి పట్టుకెళ్తే, పాతగోడ అందం పాడైపోద్దన్నారు. అందమేటి బాబూ? ఆ గోడకి నాను పిడకలు కొడతాను! నవ్వకండి, నిజమే.

మరేటయింది? మొన్న వానలకి ముందు, జలంత్రకోట నుంచి బండోడు సన్యాసి కొబ్బరికాయల బండి తోలుకొచ్చినాడు. బస్సువోడు హారను కొట్టినాడు. ఎద్దులు బెదిరి ఎనక్కి నడిసీసినాయి. బండి దఢేల్మని గోడకి తగిలింది. కాయలు ఈదంతా దొర్లినాయి. గోడ పెళ్ళ ఊడి లోపల పడింది.

ముసల్ది పోనాదనుకున్నాను. గుండెలు బాదుకుంటూ లోపలికెళ్తే, దుమ్ములో లేచి కూకునుంది! ఎవులూ లేపకండానే! కన్నంలోంచి ఈదిలోకి సూత్తంది.

సన్యాసి కన్నం కాడికి పరిగెత్తుకొచ్చి, "అమ్మా, మట్టి కలిపి ఇప్పుడే మెత్తీసి పోతాను" అన్నాడు.

"సెయ్యి తియ్యరా సన్నాసీ! పర్మిషను లేకండా గోడ ముట్టుకుంటే నేరం, తెల్దా?" అని లోపల్నుంచి అరిసింది మా అత్త.

ఈదంతా నవ్వింది. మా ఆయన నవ్వి నవ్వి, ఆనక ఏడిసినాడు.

అప్పట్నుంచి సూడాలి ఆవిడ జోరు! భావనపాడు సేపలమ్మిని ఆపి బేరమాడతంది. ఇస్కూలు పిల్లల్ని పేరుపేరునా కేకేత్తంది. రెండు పూటలా కూడు తింతంది. తొలి వాన పడినప్పుడు సెయ్యి బయటికి పెట్టి తడుపుకుంది. నాను మొకం తిప్పీసుకున్నాను బాబూ.

దాన్నే కిటికీ సేసుకుంటామని మా ఆయన మళ్ళీ అర్జీ పెట్టినాడు. గోడ పాతలాగే ఉండాలి, మూసీమని మీరొచ్చినారు.

సర్లెండి. రూలు రూలే. మీరు మాత్రం ఏటి సేత్తారు, నాను మాత్రం ఏటి సేత్తాను? మట్టి పెరట్లో ఉంది. నీళ్ళు నానే పోత్తాను. మడిసిని పెట్టి మెత్తించీండి. పక్కకి జరగమని మా అత్తకి మాత్రం మీరే సెప్పుకోండి.

అదిగో, కేకేత్తంది, ఇన్నారా? మిమ్మల్నే. మీ జీపు ఆవిడికి అడ్డంగా ఉందట. ఈది కనబడ్డం లేదు, ముందు అది తియ్యమంటంది.