పలకని ఫోన్లు

హలో… ఆ, నేనే, హనుమంతరాయుడిని. కుందుర్పి హైస్కూల్లో ముప్పైరెండేండ్లు తెలుగు చెప్పి రిటైరైన హనుమంతరాయుడిని… నువ్వెవరమ్మా?

గౌతమి. గోదావరికి ఇంకో పేరు అది, తెలుసునా?… తెలియదా. పరవాలేదు. ఆ నది మన సీమకు పేరుగానైనా వచ్చింది, చాలు… ఊరు? బత్తలపల్లె! మన పిల్లవే.

ఏ కంపెనీ?… ఓహో. పొద్దున మీ శత్రురాజ్యం వాళ్లు చేసినారు. నిన్న మూడో రాజ్యం. మూడు సామ్రాజ్యాలు అశ్వమేధపు గుర్రాలను విడిచి, దేశమంతా గెలిచి, కడకు ఈ మెట్టభూమిలో నా డొక్కు ఫోన్ కాడ యుద్ధానికి దిగినాయి. ఎంత భాగ్యం!… చెప్పు, చెప్పు.

…దినానికి రెండు జీబీ. ఫైవ్ జీ. ఇంటికి ఫైబర్, మొదటి నెల ఉచితం… వాన కూడా మీ కంపెనీయే ఇస్తుందేమో ఒకసారి అడుగు… నవ్వినావు. సంతోషం.

వద్దమ్మా… వద్దు… నంబర్ మారదని నాకూ తెలుసు. కంపెనీ మారే వేళ సిగ్నల్ ఎంతసేపు పోతాది, అది చెప్పు… నాలుగు గంటలా?

నాలుగు గంటలు నేను ఇవ్వలేను తల్లీ.

…ఎందుకంటే, ఆ నాలుగు గంటల్లో నా తమ్ముడు ఫోన్ చేయవచ్చు.

వీరేష్… యాడుండాడో తెలియదు. ఇల్లు విడిచి ఆరేండ్లయింది. బెంగళూరులో సెంట్రింగ్ పని చేస్తాండాడని ఒకరు, కాదు బళ్లారిలో అని ఒకరు… పోలీసులకూ చెప్పినాను. వాడికి కంఠతా వచ్చిన నంబర్ ఇదొక్కటే.

చేస్తాడమ్మా. వారానికి రెండు మూడుసార్లు చేస్తాడు… మాట్లాడడు. నేను హలో అంటాను. అవతల ఏమీ ఉండదు. నాలుగైదు క్షణాలు… తర్వాత పెట్టేస్తాడు. ఒక్కోసారి ఒక్కో నంబర్, తిరిగి చేస్తే కలవదు. కూలివాడు కదా, పక్కవాళ్ల ఫోన్ అడుక్కుంటాడని… నేనూ ఏమీ అనలేను. ముప్పైరెండేండ్లు మాటలు నేర్పినవాణ్ణి, ఒక్క మాట రాదు.

వాడెందుకు మాట్లాడడా? మాట్లాడొద్దని నేనే అన్నాను గనుక.

…చెప్తాను. నన్ను అడగకుండా మా శెనక్కాయ చేన్లో బోరు వేయించినాడు. ఎనిమిది వందల అడుగులు పోయినా దుమ్మే లేచింది. నేను పండితుణ్ణి కదా, నలుగురి మాదిరి తిడితే నా మర్యాద ఏం కాను? బోరు బండి ఎదుట, ఊరంతా చూస్తుండగా, ఆశువుగా సీసపద్యంలో తిట్టినాను. ఎక్కడా యతి తప్పలేదు. జనం చప్పట్లు కొట్టినారు! ఇక నీ గొంతు నా చెవిన పడరాదని చివరి పాదం… యతికి కుదిరిందని వేసిన మాటమ్మా అది. మనసులోది కాదు. వాడు చప్పట్లు ఆగేదాకా నిలబడి, పోయినాడు. ఇప్పటికీ నా మాట జవదాటడు, చూడు.

…ఏమిటి?… ఏమన్నావు? మళ్లీ చెప్పు.

ఆ పలకని ఫోన్లు చేసేది మీ యంత్రమా.

…ఒకేసారి నలుగురికి కలుపుతుందా. ముందు ఎత్తినవాళ్లకు మీరు పలుకుతారు… మిగిలిన ముగ్గురికి?

…ఊఁ. ఏమీ వినిపించదు. నాలుగైదు క్షణాలు. తర్వాత అదే పెట్టేస్తుంది.

…అన్ని కంపెనీలదీ ఇదే పద్ధతా.

ఆదివారం మీకు సెలవేనా?… ఆదివారం వాడూ చేయడు. పనిలేని రోజు, పక్కవాళ్లెవరూ ఉండరేమో, ఫోన్ దొరకదేమో అనుకుంటాంటిని…

ఉన్నాను, ఉన్నాను… ఏడవడం లేదమ్మా. లెక్క సరిచూసుకుంటున్నాను. పోయినేడు వారానికొకటి వచ్చేది, ఈ ఏడాది వారానికి మూడు. మీ మార్కెట్ పెరుగుతాంటే, వాడికి నామీద కోపం తగ్గుతాందనుకున్నాను.

…తీసేస్తావా? నా నంబర్‌ను, మీ పట్టీలోంచి?… డీఎన్‌డీ పెడితే అన్ని కంపెనీలవీ ఆగిపోతాయా… అంటే, ఆ తర్వాత పలకని ఫోన్ ఏది వచ్చినా వాడిదే. ఖాయంగా వాడిదే.

…మరి రాకపోతే?

చెప్పు తల్లీ. ఒక్కటి కూడా రాకపోతే?

…నీకూ తెలియదు. వద్దు, తీయొద్దు. నా నంబర్ అట్లే ఉండనీ. మూడూ మీవే అయినా, నాలుగోది వస్తే వాడిదనుకుంటాను… అనుకోనీమ్మా.

…సరే. పైవాళ్లు వింటాంటారు, పెట్టేయి… కాదు — ఒక్క నిమిషం. నువ్వు పలకొద్దు. ఆ యంత్రం మాదిరే ఉండు. నాలుగైదు క్షణాలే… ఉంటావా?

…

రేయ్, వీరేష్… నేనురా, అన్నను.

…

ఆ మాట నాది కాదురా. యతికి పడింది… బోరులో నీళ్లు పడకపోతే పోనీ, నీళ్లదేముందిరా… ఏమన్నా అను. తిట్టు. వచనంలోనైనా సరే తిట్టురా…

హలో?… గౌతమీ?…

ఎవరమ్మా నువ్వు?… ఓ. నువ్వూ యంత్రమేనా… నా సమస్య తీరి ఉంటే ఒకటి నొక్కాల్నా… తీరకుంటే రెండు…

…మూడోది ఏమీ లేదా తల్లీ?

…హలో?