లేదంటేనో

ఆటిజం ఉందో లేదో తేల్చే పరీక్షలన్నీ అయిపోయి, ఫలితం కోసం ఎదురుచూస్తున్న రోజులవి. నలభై దాటిన తమ్ముడు అక్క ఇంట్లో కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతున్నాడు.

“ఆ తువ్వాలు మడతపెట్టడం, మళ్లీ విప్పడం, ఇదే పని. ఉందంటారని భయంగా ఉందట్రా?”

“లేదంటారని భయమక్కా.”

“అదేంట్రా?”

“ఉందంటే, నలుగురిలోంచి మధ్యలో లేచి వచ్చేయడానికి ఓ కారణం ఉన్నట్టు. లేదంటే, అందరూ అనుకున్నట్టు నేను ఒట్టి పొగరుబోతునే.”



“వాళ్లేమన్నా అననీ. ఫ్యాను చప్పుడు నీకు పడదని తెలుసుకోడానికి నాకు డాక్టరు చెప్పాలా?”

లేచి ఫ్యాను ఆపేసింది. పొద్దుటినుంచి బిగుసుకున్న అతని భుజాలు మెల్లగా వదులయ్యాయి.

“నీకు ఉక్కపోస్తుంది కదక్కా,” అంటూ స్విచ్చు వేయడానికి లేవబోయాడు.

“పోస్తే పోయనీరా. కూర్చో.”