ఎల్డాను పేరున పూజ

అట్టా చూడమాకండి ఫాదరుగారూ. తిట్టదలుచుకుంటే తిట్టండి. గుడి మెట్ల మీద నిలబెట్టి నలుగురిలో తిట్టినా పడతా. కానీ ఆ తిట్టేదేదో బిరానా తిట్టండి. మాచర్ల బస్సు వచ్చే వేళయింది.

నా తప్పుకీ బస్సుకీ సంబంధమేందంటారా? ఉంది సామీ. చెబుతా.

ముందు ఉపదేశి ఇన్నయ్యని ఏమీ అనమాకండి. పాపం, ఆయన చేసిందేముంది? మృతుల మాసం గదా, చచ్చిపోయినోళ్ల పేర్లు రాసుకుంటా ఇల్లిల్లూ తిరుగుతా మా గుమ్మంలోకీ వచ్చాడు. "ఈ ఏడన్నా చెబుతావా, ఆరోగ్యమ్మత్తా?" అన్నాడు. నేనొక పేరు చెప్పాను. "అదేం పేరు, మీ పుట్టింటోళ్లా?" అన్నాడు. తలూపాను. ఇన్నాసి, సవేరి, అంతోని అని పేర్లున్న చోట ఇంకో వింత పేరు ఒక లెక్కా? రాసేసుకున్నాడు. ఇందాక పూజలో పీఠం కాడ నిలబడి మీరు చదివేశారు. "ఎల్డాను ఆత్మశాంతి కొరకు ప్రార్థించుదము" అన్నారు. ఊరు ఊరంతా మోకాళ్ల మీద ఉండి ప్రార్థించింది.

ప్రార్థించటమేనా? పూజయ్యి బయటికొస్తుంటే అంతోనయ్య మావ కర్ర పొడుచుకుంటా నా దగ్గరికొచ్చి, "ఎల్డాను నాకు తెలవకపోవటమేందే? కారంపూడి తిరనాళ్లలో వాడూ నేనూ ఒకే జత ఎడ్లని బేరమాడాం. మంచోడు, పోయాడు" అన్నాడు. కళ్లు కూడా తుడుచుకున్నాడు సామీ. ఇంకో రోజయితే పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని.

ఎవరీ ఎల్డానంటారా?

సినిమాలోవాడు.

అదుగో, తల పట్టుకుంటన్నారు. కాస్త వినండి. మీరీ ఊరికొచ్చింది మొన్న వేసవిలోనే గదా, మీకు మా సంగతి తెలవదు.

నాకొక కొడుకు, బాలశౌరి. లారీ తోలేవాడు. మాచర్ల నాపరాళ్లు వేసుకుని దేశమంతా తిరిగేవాడు, యాడ సినిమా హాలు కనపడితే ఆడ బండి ఆపేవాడు. ఒకసారి నన్ను నరసరావుపేట తీసుకుపోయి మార్నింగ్ షోకి కూచోబెట్టాడు. ఇంగ్లీషు బొమ్మ. చుక్కల్లో తిరిగే ఓడలు, వాటి మీద మనుషులు. నాకొక్క ముక్క అర్థమయితే గదా! వాడే నా చెవిలో తెలుగు చేసి చెబుతున్నాడు. ముందు వరసవాళ్లు కసురుకున్నారు. కాసేపటికి వాళ్లే వెనక్కి తిరిగి, "అన్నా, కాస్త గట్టిగా చెప్పు, మాకూ తెలవట్లా" అన్నారు. చివరికి సగం హాలుకి మావాడే చెప్పాడు.

ఆకాశం అంత పెద్దదని నాకేం తెలుసు సామీ? కళ్లంలో పడుకుని చూస్తే చేటంత కనపడేది. అందులో ఒక లోకముంది, ఎర్రదుమ్ము లేస్తా కుతకుతా ఉడికిపోతా ఉంటది. "ఇది మన రెంటచింతల మే నెలేరా" అన్నా. హాలంతా నవ్వారు.

రెండో భాగమొస్తే అదీ చూపించాడు. దాని చివర్లో ఓడ పగిలిపోతుంటే, ఈ ఎల్డానే దానికి కెప్టెన్, అందర్నీ వేరే ఓడలోకెక్కించి పంపేసి, తానొక్కడే డబ్బాలాంటి దాంట్లో మిగిలిపోతాడు. ఆ డబ్బా చీకట్లోకి పోతా, పోతా, నలుసంత అయిపోద్ది. హాల్లో దీపాలేశారు. జనం లేచారు. నేను లేవలా. "ఏరా, ఇంతకీ ఇంటికొస్తాడా, రాడా?" అన్నా. "మూడో భాగం వస్తదమ్మా, చూపిస్తాగా" అన్నాడు.

మూడో భాగం రాలా. మావాడూ రాలా.

పోయినేడు గోదారి వరదలు మీకూ గుర్తుండే ఉంటాయి. ఆ వానల్లో భద్రాచలం వైపు లోడేసుకుని పోయాడు. నీళ్లు తీశాక లారీ దొరికింది, ఒక వాగు పక్కన బురదలో ఒరిగిపోయి. రాళ్లు కట్టింది కట్టినట్టే ఉన్నాయంట. డోరు తెరిచి ఉందంట. మనిషి లేడు. డోరు తెరిచుందంటే దిగాడనే గదా సామీ? దిగినోడు యాడికో ఒకాడికి నడిచే ఉంటాడు గదా?

మీరూ సిలువ గుర్తు వేసుకుంటన్నారు. ఈ మాట అడిగితే అందరూ అంతే.

నేను మాత్రం ఇంట్లో గట్టిగా చెప్పేశాను. ఏడవటానికి వీల్లేదు, బతికున్నోడికి ఏడిస్తే వాడి ఆయుష్షు తగ్గుద్ది అని. కోడలు జీవరత్నానికి ఏడుపొస్తే నోట్లో కొంగు కుక్కుకుని దొడ్లోకి పోయేది. నేను వెనకాలే పోయేదాన్ని, చూడటానికి. ఏడుస్తందేమోనని చూడటానికి!

సాయంత్రం జపమాల అయ్యాక పేర్లు చెప్పుకుంటాం గదా, ముందు బతికున్నోళ్లవి, ఆనక పోయినోళ్లవి. బాలశౌరి పేరు అందరికంటే ముందు నేనే చెప్పేదాన్ని, పక్కింటికి వినపడేట్టు. జీవరత్నం పెదవి కదిపేది కాదు. మనవరాలు నా మొహం చూసేది, వాళ్లమ్మ మొహం చూసేది, ఎటు పలకాలో తెలవక తన జపమాల పూసలు కొరికేది.

అట్టా ఉండగా ఆ పుస్తకం కనపడింది.

నాకు చదువెక్కడిదంటారా? ముసలితనంలో వచ్చిందిలే సామీ. సిస్టర్లు పెద్దోళ్లకి బడి పెడితే మనవరాలి పలక పట్టుకుపోయేదాన్ని. నాకు అక్షరమంటే ఇప్పటికీ వింతే. గీతలేంది, అవి మాటలైపోవటమేంది! నేర్చుకున్నాక ఇంక కంటికి ఏది కనపడితే అది చదవటమే. బస్సు బోర్డులు, మందు సీసాలు, గోడల మీద ఎలక్షన్ రాతలు. రెంటచింతలలో సుభానీ ఉన్నాడే, సైకిళ్లు బాగుచేసుకుంటా నవలలు అద్దెకిస్తాడు, వాడి కొట్లో తీగకి వేలాడతన్న పుస్తకం మీద చదివా. ఎ... ల్డా... ను. అట్ట మీద వాడి బొమ్మే!

సుభానీ చెప్పాడు, ఆ సినిమా ఇంక తీయరంట, మిగతా కథ ఇంగ్లీషులో పుస్తకంగా వేస్తే మనోళ్లెవరో తెలుగు చేశారంట. అంటే వాడు ఇంటికొచ్చాడో రాలేదో ఇందులో ఉంది! నా చేతిలోనే ఉంది!

మొక్కుకున్నా సామీ. తప్పో ఒప్పో, ఆడ సైకిళ్ల మధ్యలోనే మొక్కుకున్నా. వీడొస్తే మావాడూ వస్తాడు అనుకున్నా.

ఇంక చదవటం చూడాలి నా తిప్పలు. వేలు పెట్టుకుని, కూడబలుక్కుని, వత్తుల కాడ తట్టుకుని పడతా. గురుత్వాకర్షణ అనే మాట కాడ రెండు పూటలు ఆగిపోయా. అదేందో ఇప్పటికీ తెలవదు, అది లేకపోతే కాళ్లు నేల మీద ఆనవంట. బాలశౌరి ఉంటే చెవిలో చెప్పేవాడు.

ఆ ఎల్డాను ఊరు కూడా చుక్కల్లోనే ఉంది. ఇనప ఊరు. దానికో పెద్ద దీపం. తప్పిపోయినోడికి దారి కనపడాలని దాన్ని ఆర్పకుండా వెలిగిస్తా ఉంటారు. దాని కాపలా ఒక ముసల్ది. నాలాంటిదే, దానికి వాడు కొడుకు కాదు, అయినా కాస్తది. అయితే ఆ ఊళ్లో గాలి ఉండదు సామీ, మిషన్లు గాలి చేసి ఇళ్లల్లోకి వదలాలి. దీపానికీ గాలికీ ఒకటే కరెంటు. దీపం వెలిగేకొద్దీ ఇళ్లల్లో గాలి పల్చబడతా వస్తది. పిల్లలు ఎగపోస్తుంటారు.

చివరి పేజీలో ఆ ముసల్ది లేచి దీపం ఆర్పేసింది.

అంతే! వచ్చాడని లేదు, చచ్చాడని లేదు. పేజీలేమన్నా చినిగాయేమోనని సుభానీ చేత ఇంకోటి తెప్పించి చూశా. "అంతేనవ్వా, అయిపోయింది" అన్నాడు. నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. మా అరుగు మీద కూచుని ఆ ముసల్దాన్ని తిట్టా. దీని చేతులు పడిపోను, ఇంకొక్క రోజు ఆగలేకపోయిందా అని తిట్టా.

జీవరత్నం పక్కన పత్తి ఒలుస్తంది. "ఎవరినత్తా?" అంది. కథంతా చెప్పా. అదేమందో తెలుసా? "పాపం, పిల్లలు ఊపిరి పీల్చుకుని ఉంటారు" అంది. తలెత్తలా. పత్తి ఒలుస్తానే ఉంది.

మర్నాడు చేలోకి పోతా గుమ్మంలో నిలబడి, "ఇన్నయ్య మావ పేర్లకొస్తన్నాడంట. ఈ ఏడు ఆయన పేరియ్యి అత్తా. నన్నేడవనియ్యి" అంది. సరేనన్నా. నిజంగానే సరేనన్నా సామీ! తీరా ఇన్నయ్య కాయితం మీద కలం పెట్టేతలికి నా నాలిక తిరగలా. బాలశౌరి అనబోయా. ఎల్డాను అని వచ్చింది. అది సులువుగా వచ్చింది. వాడికి మాత్రం ఎవరు పూజ చెప్పించారు? గోరీ లేదు, కొవ్వొత్తి లేదు, చీకట్లో ఒక్కడే గదా వాడూ.

ఇవాళ జీవరత్నం గుళ్లో నా పక్కనే కూచుంది. కొంగు మడిచి చేతిలో సిద్ధంగా పెట్టుకుంది. ఏడాది పైనుంచీ ఆపుకున్న మనిషి! మీరు పేర్లు చదువుతుంటే ఒక్కో పేరుకీ ఆ కొంగు నోటి కాడికి తీసుకుపోతంది. ఎల్డాను అన్నారు. ఆ తర్వాత ఇంకెవరిదో అన్నారు. ఆమెన్ అన్నారు.

నా వైపు చూసింది. తిట్టినా బాగుండేది. పిల్ల చెయ్యి పట్టుకుని లేచి వెళ్లిపోయింది.

ఇంటికి పరిగెత్తా. ట్రంకుపెట్టె లేదు. జీవరత్నం బస్సు ఆగే కాడ ఉంది, పెట్టె మీద పిల్లని కూచోబెట్టుకుని. కాళ్లు పట్టుకున్నంత పని చేశా. "ఏందే ఇది, యాడికే?" అన్నా. "మా అమ్మ కాడికి. ఏడవటానికి. నీ ఇంట్లో చోటు లేదుగా అత్తా" అంది. "ఏడ్చాక వస్తావా?" అన్నా. "తెలవదు" అంది.

అందుకే ఇట్టా మీ మీదొచ్చి పడ్డా.

ఏమన్నారూ? వచ్చే ఆదివారం చదువుతారా? వచ్చే ఆదివారం ఎవరున్నారని చదువుతారు సామీ, నాకూ గోడలకూనా? గంట కొట్టండి. ఇప్పుడే. చావు గంట. ఒక్కో దెబ్బ, ఆగి, ఆగి. బస్సు కాడికి బాగా వినపడుద్ది. ఊళ్లో ఎవురూ పోలేదని దానికి తెలుసు. ఎవురికి కొడుతున్నారో అర్థం చేసుకుంటది. ఆడే కూలబడి ఏడుస్తది. ఏడవనియ్యండి. నేనూ పోయి పక్కన కూచుంటా.

శవం దొరకందే కొట్టకూడదా? రూలా?

నాకు తెలుసు సామీ. డోరు తెరిచుందని చెప్పిన రోజే నాకు తెలుసు. దాన్ని వాడే తెరవనక్కర్లా. నీళ్లూ తెరుస్తాయి.

చాలా ఇంక? చాలకపోతే పేరు కూడా చెబుతా, రాసుకోండి. బాలశౌరి. ఆరోగ్యమ్మ కొడుకు, జీవరత్నం మొగుడు. అదుగో, చెరువు మలుపు కాడ హారను. తాడు మీరే లాగండి, నేను దాని కాడికి పోతన్నా.

ఎల్డానుకేం కాదులే ఫాదరుగారూ, ఆ పూజ వాడి దగ్గరే ఉండనియ్యండి. సినిమావాడు, ఎప్పటికో ఒకప్పటికి ఎవరో ఒకరు వాడికి మూడో భాగం తీస్తారు.

లాగండి.