మనలో మనిషి

అమెరికాలోని డకోటాలో, తమలో తామే పెళ్లిళ్లు చేసుకునే హట్టరైట్ క్రైస్తవుల కాలనీ వంటశాలలో అత్తాకోడళ్లు బఠాణీలు వలుస్తున్నారు. కోడలు అప్పుడే ఆసుపత్రి నుంచి వచ్చింది.

"నాలుగో కడుపు కూడా ఎందుకు పోయిందట?"

"తనదేదో పరాయిదేదో ఒంటికి చెప్పే గుర్తులు నా రక్తంలోనూ మీ అబ్బాయి ఎలియాస్ రక్తంలోనూ ఒకటేనట అత్తా. బిడ్డ వేరే ప్రాణమని నా ఒంటికి తెలియక కాపాడటం లేదేమో అంటున్నారు."

"అదేంటి! మీరేమైనా అన్నాచెల్లెళ్లా?"

"మన కాలనీలన్నీ అప్పుడు వలస వచ్చిన ఆ కొద్ది కుటుంబాల నుంచే కదా పుట్టాయి."

"అయ్యో దేవుడా! ప్రార్థన సరిగా చెయ్యవని నిన్నెంత ఆడిపోసుకున్నాను!"

"నేనూ అదే నమ్మాను."

"తప్పు నాది. టౌను పిల్లను చేసుకుంటానని వాడు ఏడ్చినా వినలేదు. మనలో మనిషే కావాలని నిన్ను తెచ్చాను."

కోడలు బఠాణీల గిన్నె పక్కన పెట్టింది.

"ఏ పిల్ల కోసం ఏడ్చాడు అత్తా?"