డ్రాగన్లను తీసెయ్

వంటింటి బల్ల మీద యుద్ధం ఆట బొమ్మల కార్డులు పరిచి, చెరో కట్టతో అత్తాకోడళ్లు ఎదురెదురుగా కూర్చున్నారు. మర్నాడే కోడలికి కార్డుల పోటీ. పోయినసారి మొదటి ఆటలోనే ఓడి, మొహం వేలాడేసుకుని వచ్చింది.

"వరసగా నాలుగోసారి ఓడావమ్మా," అంది అత్త.

"నా కట్టలో లోపమెక్కడుందో అంతు చిక్కడం లేదత్తయ్యా."

"ఆ రెండు డ్రాగన్లనీ తీసెయ్. ఒక్కోదాన్ని ఆటలోకి దింపడానికి ఏడు శక్తి కార్డులు కావాలి. నువ్వు కూడబెట్టేలోపు నేను నీ పని పట్టేస్తున్నాను."

"మీ అబ్బాయి ముచ్చటపడి కొనిచ్చినవి!"

"నాకూ ముచ్చటపడి చెప్పులు కొన్నాడు. వేసుకుని నాలుగడుగులు వేయగలిగానా?"

కోడలు పకపకా నవ్వింది. డ్రాగన్లను పక్కన పెట్టి, ఒక్క శక్తి కార్డుతోనే దిగే కవచాల కార్డులు రెండు చేర్చింది. ఈసారి గెలుపు ఆమెదే. ఆ తర్వాతి రెండు ఆటలూ ఆమెవే.

"రేపు నన్నెవరూ ఆపలేరత్తయ్యా!"

"నేను ఆపుతాను. పొద్దున పోటీకి నా పేరూ రాయించి వచ్చాను."

కోడలు నోరెళ్లబెట్టింది.

"మరి నా కట్టని మీరే ఎందుకు సరిచేశారు?"

"చేతకానిదాన్ని ఓడిస్తే నాకేం గొప్ప? కబుర్లు చాలుగానీ, కార్డులు కలుపు."